నలభై పెట్టెలు, నలభై ఒక్క పిలుపులు

మధ్యాహ్నం 3:20. పూరీ గేట్ దగ్గర మందుల గోడౌన్. గేటులోంచి నలభై పెట్టెలు లోపలికొచ్చాయి. వ్యాన్ ఎక్కినవి ముప్ఫై తొమ్మిది. మాయమైంది 417, ఇన్సులిన్ పెట్టె.

కంప్యూటర్ స్క్రీన్ మీద దొంగ పేరు కూడా ఉంది. 'తీసినవారు: కిరణ్‌కుమార్. 2:17:06.'

"నాలుగింటికి పోలీస్ కంప్లైంట్ ఇచ్చేస్తాను," అన్నాడు ఓనర్ బ్రహ్మానందం.

గోడౌన్ పనివాడు కిరణ్‌కుమార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రేపు ఉదయం అతను రైల్వే వర్క్‌షాప్‌లో చేరాలి. తాతా, తండ్రీ పనిచేసిన చోటు. ఈరోజు కేసు పడితే ఆ ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

రత్నం కుర్చీ లాక్కుని కూర్చుంది. రైల్వే రక్షక దళం ఆర్‌పీఎఫ్‌లో ఎస్సైగా రిటైరై, ఇప్పుడు ఈ గోడౌన్ కాపలా చూస్తున్న మనిషి. చూడకుండా దొంగ ముద్ర వేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

"ఏటి జరిగినాదో సెప్పు, నాయినా."

"మెషీన్ మోగినాది పిన్నీ. 417 అని సూపినాది. నానెల్లేసరికి రాక్ ఖాళీ. జితేంద్ర తీసేసినాడేమో అనుకున్నాను."

"జితేంద్రా, నువ్వు తీసినావా?"

"నేదు పిన్నీ." తోటి పనివాడు జితేంద్ర తల ఎత్తలేదు.

"కంప్యూటర్ రాసుకున్న లాగ్ అబద్ధం చెప్పదు మేడమ్," అన్నాడు త్రివిక్రమ్. దగ్గర్లోని ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని చదువుకుంటున్న గుంటూరు కుర్రాడు. గోడౌన్ ప్రోగ్రామ్ అతనే రాశాడు.

"అదెలా పనిచేస్తాది బాబూ?"

"గేటు స్కానర్ ప్రొడ్యూసర్, అంటే నంబర్లు ఇచ్చేది. వచ్చిన పెట్టె నంబర్ క్యూలో పెడుతుంది. వీళ్ల చేతి మెషీన్లు కన్స్యూమర్లు, అంటే పుచ్చుకునేవి. క్యూలోంచి నంబర్ తీసుకుంటాయి. క్యూ ఖాళీ అయితే నిద్రపోతాయి. నంబర్ రాగానే బెల్ కొట్టి లేపుతాం."

"ఎవర్ని?"

"రెండింటినీ."

రత్నం రెండు మెషీన్లూ చేతిలోకి తీసుకుంది. తీసిన పెట్టెల లెక్క కిరణ్‌ది ఇరవై. జితేంద్రది ఇరవై ఒకటి.

"వచ్చినవి నలబై. తీసినవి నలబై ఒకటి. అయినా పెట్టొకటి తక్కువొచ్చినాది. ఇదేటి లెక్క బాబూ?"

త్రివిక్రమ్ లాప్‌టాప్ తెరిచాడు. రెండు నిమిషాల్లో అతని నుదుటిమీద చెమట పట్టింది.

"తప్పు నాదే మేడమ్. లేచిన మెషీన్ క్యూలో నంబర్ ఉందా అని మళ్లీ చూడాలి. నేను నిద్రకు ముందు మాత్రమే చూసేలా రాశాను. రెండూ ఒకే బెల్‌కి లేచాయి. మొదటిది 417 తీసేసుకుంది. రెండోది చూడకుండా చెయ్యి పెట్టి, ఖాళీ అయిన గడిలో చెరగకుండా మిగిలిన ఆ 417నే మళ్లీ తీసింది."

"స్క్రీన్ మీద ఎవరి పేరుంటాది?"

"చివర తీసినవాళ్లది."

"అంటే కిరణ్ రెండోవోడు. మరి మొదటోడు?"

ఉన్నవి రెండే మెషీన్లు. అందరూ జితేంద్ర వైపు తిరిగారు.

"చెయ్యి జారినాది పిన్నీ," అన్నాడు జితేంద్ర. "సీసాలు పగిలిపోనాయి. ఐసు పెట్టెల ఎనకాల దాసేసినాను. స్క్రీన్ మీద కిరణ్ పేరు సూసి నోరు మూసుకున్నాను."

బ్రహ్మానందం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మీరూ అంతే సార్," అంది రత్నం. "బెల్ మోగగానే లేసినారు. మళ్లీ ఒక్కసారి సూడనేదు."

బ్రహ్మానందం కిరణ్ భుజం మీద చెయ్యి వేయబోయాడు. కిరణ్ పక్కకు జరిగి జితేంద్ర ముందు నిలబడ్డాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"నాలుగింటికి పోలీసులొస్తే, అప్పుడైనా సెప్పుదువా?"

జితేంద్ర గోడ గడియారం వైపు చూశాడు. 3:52. నాలుగు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.