ఓర్సోలా గీసిన నీటిదారి

"ఆ పటం వెనిస్ దాటకూడదు," అన్నాడు విచారణాధికారి. "గీసిన మనిషి కూడా."

ఏజెంట్ జోర్జీ తల ఊపాడు. గీసింది ఓర్సోలా. ఒకప్పుడు అతను పెళ్ళి చేసుకోవాలనుకున్న ఓర్సోలా. అది అధికారికి తెలుసు. తెలిసే పంపాడు.

వెనిస్‌కి కోటగోడ లేదు. చుట్టూ ఉప్పునీళ్ళు, కింద బురద. లోతైన దారి ఎటుందో నీళ్ళలో పాతిన గుంజలే చెప్పాలి. యుద్ధమొస్తే శత్రువుకి దారి తెలియకుండా ముందు వాటినే పీకేస్తారు. ఇప్పుడా గుంజలన్నీ పటంలోకి ఎక్కాయి. కొన్నవాడు విదేశీ బారన్. ఊరి బొమ్మలు కొనే షోకిలా వేషం. చేసేది గూఢచారి పని.

కార్నివాల్ ముసుగేసుకుని జోర్జీ రేవు గిడ్డంగిలోకి దూరాడు. పటం దగ్గర ఓర్సోలా ఒక్కతే ఉంది.

"రంగు ఆరిందా?" అన్నాడు. అది బారన్ మనుషుల కోడ్ వర్డ్.

"ఆరలేదు జోర్జీ. మొహానికి ముసుగేశావు సరే, ఆ బాతు నడకకి ఎవరేస్తారు?"

అతను నవ్వలేదు. కత్తి తీసి పటం మీద ఆనించాడు.

"ఆగవయ్యా మొండివాడా! పడవలోళ్ళ ఇంట్లో పుట్టావుగా. గుంజలు చూడు."

చూశాడు. చిన్న కన్నంలోంచి వెలుగు దూరే చీకటిపెట్టె అద్దంలో పడిన ఊరి నీడని పట్టి గీసింది. గోడల మీది నాచు కూడా తప్పలేదు. కానీ లంక దగ్గర ఎడమకి తిరగాల్సిన దారి కుడికి తిరిగింది. తిన్నగా బురదలోకి.

"అందం కోసం మా బొమ్మలు గీసేవాళ్ళు మేడల్నే జరుపుతారు. నేను గుంజలు జరిపాను, అంతే."

"చెప్పొచ్చు కదే!"

"ఎవరికి? మీ ఆఫీసులో సగంమంది ఆ బారన్ సారా తాగేవాళ్ళే. విను. వాడికి నా మీద అనుమానం. నన్ను జైల్లో వేస్తేనే పటం నిజమని నమ్ముతాడు. వస్తున్నాడు. కొట్టు నన్ను."

"నావల్ల కాదు."

"అయితే ఊరు పోతుంది."

మెట్ల మీద బూట్ల చప్పుడు. జోర్జీ కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. "దేశద్రోహీ!" అని అరిచి, జుట్టు పట్టుకుని పక్క తలుపులోంచి ఈడ్చుకుపోయాడు. బారన్ గుమ్మంలోంచి అంతా చూశాడు. పటం చంకన పెట్టుకుని పారిపోయాడు.

గుంజల సంగతి జోర్జీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. చలికాలమంతా ఓర్సోలాని వేసిన జైలు గోడ పక్కగా నడిచాడు, అంతే.

ఎండలు ముదిరాక శత్రువు ఓడలు వచ్చాయి. వెనిస్‌వాళ్ళు గుంజలు పీకేశారు. ఓడలు పటం చూసుకుంటూ వచ్చి బురదలో కూర్చున్నాయి.

అప్పుడు చెప్పాడు జోర్జీ, అధికారికి నిజం. అధికారి గబగబా విడుదల ఆర్డరు రాశాడు.

"ఎవరికండీ?" అన్నాడు జైలరు. "ఆవిడ చలికాలంలోనే జ్వరమొచ్చి పోయింది."

అధికారి ఆర్డరు మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత ముద్ర వేశాడు. రాసిన ఆర్డరు వృథా చేసే అలవాటు ఆ ఆఫీసుకి లేదు.