కొబ్బరితోటకు కాపలా కపాలం

అసురసంధ్య వేళ!...

సముద్రం పోటు తగ్గి వెనక్కి జరిగిన ఘడియ. పడమటి దిక్కున రక్తం కక్కుకుంటూ సూర్యుడు కుంగిపోతున్నాడు. ఉరుములు దద్దరిల్లుతున్నాయి. వాయ్‌లెటి అనే ఆ దీవి ఊళ్లో ఆ వేళకు పసిపిల్లలు గడప దాటరు, ఆరబోసిన లవంగాల చాపలు సైతం లోపలికి పోతాయి. అటువంటి వేళ... తీరాన ఉన్న కొబ్బరితోట నడుమ నిలబడి ఒక వృద్ధుడు వికటంగా నవ్వుతున్నాడు!

అతడి పేరు ఒనిసిమస్. అతడి చేతుల్లో కపాలం! ఏ తుపానులో మునిగిన ఏ అభాగ్యుడిదో... కంటిగుంటల్లో ఎర్రదారం కుక్కాడు. దవడల మధ్య సొరచేప పళ్లు గుచ్చాడు. కోడిరక్తంతో తడిపి, కర్రకు బిగించి, నలభై చెట్ల నట్టనడుమ పాతాడు.

"ఓ ప్రేతమా! ఈ తోట నాది! నా సొత్తు ముట్టినవాడి కడుపులో సొరచేపవై తిరుగు! పేగులు కొరుకు!"

ఎక్కడో గుడ్లగూబ కూసింది. కపాలానికి కళ్లుండవు. రక్తం పోసినవాడి మాటే దానికి వేదం. తోట అతడిదో కాదో దానికేం తెలుసు?

తోట మాత్రం అతడిది కాదు. అతడి అన్నకొడుకు నాటిన తోట. ఆ అన్నకొడుకు రెండేళ్ల క్రితం వేటకు వెళ్లి పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. మిగిలింది భార్య వెల్మీనా, పదిహేడేళ్ల కూతురు ఆంచె. ఆ తీరంలో హోటలు కడతారన్న వార్త పుట్టిన నాటినుంచి ముసలివాడికి నిద్ర కరవైంది. వచ్చే వారం సర్వేవాళ్లు వచ్చి పట్టాలు రాస్తారు. ఈలోపు తోట తనదని ఊరిచేత అనిపించుకోవాలి!

మర్నాడు పొద్దున్నే ఆంచె తోటలోకి పోయి, కపాలాన్ని చూడకుండానే, దాహానికి ఒక బోండం కొట్టుకుని తాగింది. అంతే!

* * *

మూడో రోజుకు ఆ పిల్ల మనిషిలా లేదు. విరగబోసుకున్న జుట్టు, తెల్లగా తిరిగిపోయిన కళ్లు, నోటినుంచి ధారలుగా ఉప్పునీరు!... పొట్టమీద వరసగా పళ్ల గాట్లు లేస్తున్నాయి, వాటంతటవే మానుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి. నర్సమ్మ సూది వేసి తలవంచుకుని వెళ్లిపోయింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే, ఆంచె గొంతులోంచి మగగొంతు ఒకటి పకపకా నవ్వింది.

"దొంగ!... దొంగ!... తినేస్తా!"

పొరుగింటి డోల్ఫీనా గడపలో చతికిలబడి మొత్తుకుంది. "ఇట్టా కూచుని ఏడిస్తే ఏమొస్తుందే? ఆ కపాలం వేసినోడే తియ్యాలి. పోయి ఆ ముసలోడి కాళ్లు పట్టుకో."

"వాడి కాళ్లా? ఆ తోటలో నా చేత్తో కలుపు పీకాను, పందుల్ని తోలాను. వాడి కాళ్లు నేను పట్టుకోవాలా?"

"కాళ్లు వాడివైనా ప్రాణం నీ కూతురిది కదే, మొండిముండా!"

వెల్మీనా చేతిలోని సగ్గుజావ గిన్నె అట్లాగే వదిలి లేచింది.

ఒనిసిమస్ అరుగుమీద కూర్చుని వక్క నములుతున్నాడు. "రావే కోడలా! మూడు రోజులు పట్టిందా దారి తెలియడానికి?" అంటూ కాగితం ఒకటి తొడకింద నుంచి లాగాడు. "తోట నాదేనని వేలిముద్ర వెయ్యి. సందెవేళ పదిమంది ముందు కపాలం దించేస్తా."

"అవి మీ అన్నకొడుకు నాటిన చెట్లు, మామయ్యా."

"నాటినోడు చేపల కడుపులో ఉన్నాడు. బతికున్నోడిదే చెట్టు. ఇయ్యాళ నువ్వు ఇవ్వకపోతే రేపు ఎట్టాగూ నాకే వస్తుంది. నీ తర్వాత అడిగేవాళ్లు ఎవరుంటార్లే!"

ఆ చివరిమాట నోరుజారి వచ్చింది. వెల్మీనా ఆ మాట పట్టుకుంది. ఆంచె బతికుంటే వారసురాలు ఉన్నట్టే కదా! వేలిముద్ర పడ్డాక కూడా వీడు బిడ్డను విడిచిపెట్టడు. కపాలం దించినట్టు నటిస్తాడు, పిల్లను మింగనిస్తాడు. కాళ్లు పట్టుకుందామని వచ్చిన మనిషి వంగకుండానే నిలబడిపోయింది.

"దించేటప్పుడు కట్టినోళ్లు తోటలో బోండం తాగి సొంతదారులమని చూపించాలి కదా మామయ్యా" అంది మెల్లగా.

"తాగుతా. మూడు రోజులుగా తాగుతూనే ఉన్నా. పెంచిన కుక్క నన్ను కరుస్తుందేటే?"

"అయితే కాయ నేను కోసిస్తా."

"కొయ్యవే తల్లీ! కోడలి చేతి బోండం ఇంకా తీపి!" ముసలివాడు ఎర్రటి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

* * *

వాయ్‌లెటిలో బిడ్డ పుడితే మావిని పారేయరు. బొడ్డుతాడుతో కలిపి మట్టిలో పాతి, పైన కొబ్బరిమొక్క నాటుతారు. ఆ మావి బిడ్డకు తోబుట్టువు, ముందుగా మట్టిని చేరిన అక్క. ఆ చెట్టు బిడ్డదే, అమ్మకూ నాన్నకూ కూడా దానిమీద హక్కులేదు. అది ఏ చెట్టో బిడ్డకు పెళ్లయ్యేదాకా బిడ్డకు కూడా చెప్పరు. మంత్రగాళ్ల చెవిన పడితే ప్రాణం వాళ్ల గుప్పిట్లోకి పోతుందని భయం.

ఆంచె చెట్టు తోట చివర ఉంది. తొమ్మిదేళ్ల క్రితం రాకాసి అల వచ్చినప్పుడు అది సగం పెళ్లగిల్లి నేలకు వాలిపోయింది, వంకరగానే మళ్లీ తల ఎత్తింది. మిగతా చెట్ల మీద కపాలం ముసలివాడి అబద్ధాన్ని నమ్మింది. ఈ చెట్టు మొదట్లో మాత్రం సొంతదారు నెత్తురే ఉంది, దానికి ఎవరి మాటా అక్కర్లేదు; ఆ కాయ తాగితే ముసలివాడే దొంగ. కానీ... ఆ మావి ఇంకా ఉందా? వేళ్లు బయటపడ్డ ఆ రోజున సముద్రం దాన్ని ఈడ్చుకుపోలేదు కదా? వెల్మీనాకు తెలియదు! ఆమె మొగుడికీ తెలియలేదు!

సంగతి విన్న డోల్ఫీనా నోరు నొక్కుకుంది. "అది అక్కడ లేకపోతే?"

"తోటా పోతుంది, పిల్లా పోతుంది."

"ఉంటే మాత్రం? వాడు చస్తే పిల్లను వదిలించేవాడెవడే?"

"అక్క ఉంటుందిగా" అంది వెల్మీనా.

* * *

మళ్లీ అసురసంధ్య!... మబ్బులు నేలమీదకు దిగివచ్చాయి. మెరుపు మెరిసినప్పుడల్లా కపాలం దవడ కదిలినట్టు కనబడి జనం వెనక్కి జరుగుతున్నారు. ఆంచెను చాపమీద మోసుకొచ్చారు. నలుగురు మగవాళ్లు పట్టుకున్నా ఆ పిల్ల ఆగడం లేదు.

వెల్మీనా బొటనవేలు కాగితంమీద నొక్కింది. కత్తి తీసుకుని తోట చివరకు నడిచింది. వంగిన చెట్టు నిలబడ్డ మనిషికి అందుతుంది. మొదలును అరచేత్తో తాకి, పెదాలు కదలకుండా ఏదో అడిగి, ఒక గెల నరికింది.

"నిటారు చెట్లు ఇన్నుండగా ఆ గూనిదే దొరికిందా?" ఒనిసిమస్ వెటకారమాడాడు.

"ఎక్కే వయసు కాదు మామయ్యా" అంటూ బోండం చెక్కి రెండు చేతులతో అందించింది.

"చూడండి! సొంతదారు తాగుతున్నాడు!" అని కేకవేసి అతడు గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. నవ్వాడు. ఏమీ కాలేదు!

వెల్మీనా వంగిన చెట్టు వైపు చూసింది. అయిపోయింది... సముద్రం ఈడ్చుకుపోయింది... తన చేత్తో తానే బిడ్డను చంపుకుంది!

ఫెళ్లుమని పిడుగు పడింది! ఆ వెలుగులో కర్రమీది కపాలం గిర్రున తిరిగి ముసలివాడి వైపు చూసింది. కంటిగుంటల్లోని ఎర్రదారం చురచురా కాలిపోయింది!

"ఆఁ... ఆఁ... కడుపు!" ఒనిసిమస్ కుప్పకూలాడు. అతడి నోటినుంచి ఉప్పునీరు ఎగజిమ్మింది. చొక్కా చిరిగి పొట్టమీద పళ్ల గాట్లు వరసకట్టాయి. కాగితం ఆ నీళ్లలో నాని, వేలిముద్ర అలుక్కుపోయి ముద్దయింది. "ఏ చెట్టే అది? ఎవరిది? కోడలా... నాకిచ్చానను! ఒక్కమాట! ఇచ్చేశానంటే అది వదిలేస్తుందే!"

"నాది కాదు మామయ్యా ఇవ్వడానికి. అది ఆంచెది. దాన్నే అడుగు."

ముసలివాడు మట్టిలో పాకుతూ చాప దగ్గరకు చేరాడు. "బంగారూ... తాతని... ఇచ్చానను తల్లీ..."

ఆంచె పెదవులు కదిలాయి. వచ్చింది మగగొంతు కాదు, ఆంచె గొంతూ కాదు. మాటలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఆడపిల్ల గొంతు!

"ఇవ్వను."

ఒనిసిమస్ అరిచిన అరుపు ఉరుము గర్జనలో కలిసిపోయింది. శరీరం ఒక్కసారి విల్లులా వంగి, సడలింది. కర్రమీద కపాలం నిలువునా పగిలి, సొరచేప పళ్లు జలజలా రాలాయి. ముసలివాడిని ముట్టుకోవడానికి ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు.

వాన మొదలైంది. ఆంచె కళ్లు తెరిచింది. "ఆకలేస్తోందమ్మా" అంది, తన గొంతుతోనే. వెల్మీనా బిడ్డను పొదువుకుని బావురుమంది. డోల్ఫీనా ఏడుస్తూనే ఆ పిల్ల పొట్టమీద గాట్లకోసం వెతికింది. ఒక్కటీ లేదు.

ఆంచె మాత్రం తల్లి భుజంమీదుగా ఆ వంగిన చెట్టునే చూస్తోంది.

"అమ్మా, ఆ పిల్ల ఎవరే? మూడు రోజులూ నా చెయ్యి వదల్లేదు. నీళ్లలో పడిపోకుండా పట్టుకుంది. అడిగితే పేరు లేదంది..." ఆమె ముఖం చిట్లించి గుర్తుచేసుకుంది. "నేను నీ అక్కని అంది."