పంపు బాగయ్యాక

ఆదివారం ఆరాధన మధ్యలో మైకు ఆగిపోయింది. నిజానికి ఆగలేదు, పంపుల మెకానిక్కు ఆపేశాడు.

వేదిక మీద మాట్లాడుతున్నది కొండ మీది వాడలో పనిచేసే మిషనరీ నర్సు. ఆమెను అక్కడికి పంపి, మందులూ జీతమూ చూసుకునేది ఈ చర్చే. పని ఎలా సాగుతోందో చెప్పడానికి వచ్చి, మొదటి మాటలోనే "విరేచనాలు" అంది. ముందు వరసలో పాస్టరమ్మ కళ్లు పెద్దవి చేసి, మైకు పెట్టె దగ్గర కూర్చున్న మెకానిక్కు వైపు, అంటే తన మేనల్లుడి వైపు చూసింది. మేనల్లుడు మీట నొక్కేశాడు.

నర్సు గొంతు పెంచింది. మైకు ఉన్నప్పటికంటే ఇప్పుడే బాగా వినబడింది.

ఆరాధన అయ్యాక తిన్నగా అతని దగ్గరికొచ్చింది.

"మైకు కట్ చేసింది మీరేనా?"

"అత్తయ్య చెప్పింది సిస్టర్."

"అత్తయ్య ఏం చెబితే అది చేస్తారా?"

"మామయ్యే చేస్తాడు. నేనెంత?"

ఆమె నవ్వలేదు. "మా వాడలో చేతిపంపు పాడైంది. జనం వాగు నీళ్లు తాగి మంచాన పడుతున్నారు. మీరు పంపులు బాగుచేస్తారట కదా, రండి."

ఎప్పుడని అడిగేలోపే పాస్టరుగారు, అంటే ఆ మామయ్యే, అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేశారు. ఇక తప్పించుకునే దారి లేదు.

జీపు ఆమే నడిపింది. దారంతా వాన. ఆమె వైపు చూడకూడదని అతను రోడ్డు వైపు చూశాడు. రోడ్డు చూస్తే ప్రాణం మీదికొచ్చి మళ్లీ ఆమె వైపే చూశాడు.

మర్నాడు పంపు విప్పుతూ దాహమేసి వాగులో దోసిలి పట్టాడు.

"కాచిన నీళ్లు లోపలున్నాయి," అంది నర్సు.

"రాళ్లు తిని హరాయించుకునే ఒళ్లు సిస్టర్ ఇది."

సాయంత్రానికి ఆ ఒళ్లు ఆస్పత్రి గది మంచం మీద ఉంది.

"ఏమైంది?"

అతను గోడ వైపు తిరిగి ఆ మాట గొణిగాడు.

"గట్టిగా చెప్పండి. ఇక్కడ మైకు లేదు."

ప్రేమలో పడ్డవాళ్లకు పూలో ఉంగరమో అందుతాయంటారు. అతనికి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు, గ్లాసు తర్వాత గ్లాసు అందాయి. కసురుతూనే తాగించింది. జ్వరం పెరిగినప్పుడు మాత్రం కసరలేదు. నుదుటి మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. అప్పుడు భయమేసింది అతనికి. పోతానని కాదు, కోలుకుంటే వెళ్లిపోవాలి కదా అని.

కోలుకున్నాడు. పంపు బాగుచేశాడు. వాడంతా బిందెలతో వచ్చి, నీళ్లు పట్టుకుని, దీవించి వెళ్లింది. అతను మాత్రం స్పానరు వదలకుండా అదే బోల్టు తిప్పుతున్నాడు.

"బాగైందిగా. ఇంకా దేన్ని బిగిస్తున్నారు?"

"ధైర్యాన్ని సిస్టర్." స్పానరు కింద పెట్టాడు. "ఇదిగో, ఈ మాటే. ఇక మిమ్మల్ని సిస్టర్ అని పిలవలేను."

"నర్సుని. పైగా చర్చి మనిషిని. అందరూ అలాగే పిలుస్తారు."

"అందరూ పిలవనీండి. నేను పిలిస్తే అబద్ధమవుతుంది."

ఆమె పంపు పిడి ఒకసారి కొట్టి చూసింది.

"నేను కొండ దిగను. ఈ పని వదలను. ముందే చెబుతున్నా."

"పై వాడల్లో పంపులున్నాయా?"

"ఉన్నాయి. అన్నీ పాడైనవే."

"దేవుడికి స్తోత్రం," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. గ్రీజు అంటుకున్న అతని చేతుల వైపు చూసింది.

"సబ్బుతో కడుక్కుని రండి. అప్పుడు చెబుతాను."

కడుక్కుని వచ్చి, బళ్లో పిల్లాడిలా రెండు చేతులూ చాపాడు. ఆమె వాటిని పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోళ్లు కూడా చూసింది.

"శుభ్రంగానే ఉన్నాయి," అంది.

కానీ వదల్లేదు.