మూడో సాఫ్ట్‌వేర్

మొదటి సాక్షి కోర్టు మెట్లు ఎక్కకుండానే హతమయ్యాడు. గొంతు మార్చకముందు చేసిన రికార్డింగ్ ఎలాగో విదేశీ ముఠా చేతికి చిక్కింది. గొంతును బట్టే మనిషిని పోల్చుకున్నారు.

రెండో సాక్షి అంతోని, షూటింగ్ వ్యాన్ డ్రైవరు. అతని వాంగ్మూలంలో గొంతు మార్చే పని నిఘా డిపార్ట్‌మెంటు ఏజెంట్ తబితకి పడింది. పుట్టుకతో చూపులేని తబిత ఫిల్మ్ నగర్ స్టూడియోలో డబ్బింగ్ ఎడిటర్‌గా చలామణీ అవుతోంది.

"పన్నెండింటికి కోర్టు. పాత సాఫ్ట్‌వేర్ మీదే నా అనుమానం. మూడు కొత్తవి పంపుతున్నాను, నీకు పనికొచ్చేది ఎంచుకో," అన్నాడు ఫోన్లో చీఫ్ వీరరాఘవయ్య.

అవి తెచ్చింది లాస్య. రెండేళ్లుగా ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకి కబుర్లు మోస్తున్న మనిషి. ఆమెకంటే ముందు ఆమె సెంటు గదిలోకి వచ్చింది. ఆమె ఎవరి పక్షమో తబితకి ఏనాడూ తేలలేదు.

తబిత మౌస్ పక్కకి నెట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మొదటి సాఫ్ట్‌వేర్‌లో "బటన్, బటన్, బటన్" అని ఊరుకుంది. ఏ బటనో చెప్పదు. రెండోది పేర్లు చెప్పింది కానీ నత్తనడక. మూడోది గడగడా అప్పజెప్పింది. కట్. ఫేడ్. సేవ్.

"మీకోసమే చేసినట్టుంది కదండీ. అంతోని ఫైలు ఎక్కించేయండి, టైము లేదు," అంది లాస్య.

ఆ తొందర తబితకి నచ్చలేదు. అయినా పదకొండు దాటింది. ఫైలు ఎక్కించి, గొంతు మార్చి, సేవ్ కొట్టింది. పని ముగిశాక ట్యాబ్ కీతో విండో అంతా ఒక చుట్టు చుట్టి రావడం ఆమె అలవాటు. సేవ్ దాటగానే చెవిలో వినబడింది: "ఒరిజినల్ పంపు. ఆన్. అరవై శాతం."

"జంగయ్యా, సేవ్ పక్కన ఏముంది?" పక్క కుర్చీలో ఉన్న స్టూడియో ఇంజనీరుని అడిగింది.

"గాడ ఏం లేదు మేడం. ఉత్త ఖాళీ."

అంతోని అసలు గొంతు ముఠాకి పోతోంది. ఆ బటన్‌ని చూసేవాళ్ల కంటికి దాచారు. చదివే యంత్రానికి దాచడం మరిచారు.

"ఎనభై తొమ్మిది."

తబిత చేయి గోడ వెంట పాకింది. "తొంభై తొమ్మిది" అనేసరికి నెట్ కేబుల్ ఊడి ఆమె పిడికిట్లో ఉంది. లాస్య హైహీల్స్ తలుపు వైపు తిరిగాయి. జంగయ్య తాపీగా గడియ వేశాడు.

రెండో సాఫ్ట్‌వేర్ ఈడ్చుకుంటూ పని ముగించింది. పన్నెండింటికి అంతోని మాట ఎవరిదీ కాని గొంతుతో కోర్టులో మోగింది.

"ఇంతకీ ఏది కొనమంటావమ్మా?" అడిగాడు చీఫ్.

"రెండోదే సార్. కానీ స్క్రీన్ రీడర్‌తో కుదరడంలో మాత్రం మూడోదానికే పదికి పది. దొంగతనం కూడా చదివి వినిపించింది."