పేరు అడిగిన గడి

తెల్లారితే రేవంతా మాటలే. మనిషీ మనిషీ ఆడుకునే మాటలు కావవి. మనిషికీ, రాటకు బిగించిన పలుకుగడికీ మధ్య నడిచేవి. ఐసు కావాలన్నా, పడవకు బ్యాటరీ కావాలన్నా దానికే చెప్పుకోవాలి. "ఐసు. నాలుగు పెట్టెలు. ఇప్పుడే." అంతే, గంట మోగుతుంది, పెట్టెలు జారుకుంటూ వస్తాయి. "ఎండ మండిపోతాంది బాబూ, కాస్త ఐసు..." అని మొదలెట్టారా, "మొదటి నుంచి చెప్పండి" అంటుంది.

నూకరత్నానికి ఆ యంత్రం గుట్టు మనవరాలు ముత్యాలే విప్పి చెప్పింది. ఇసుకలో తొక్కుడుబిళ్ళ గీసి మరీ చెప్పింది. అది ఒక్కో మాటకూ ఒక్కో గడిలోకి గెంతుతుందట. ఏ గడిలోంచి ఏ గడిలోకి పోవచ్చో ముందే రాసిపెట్టి ఉంటుందట. ఇప్పుడు ఏ గడిలో నిలబడి ఉందో అంతవరకే దానికి తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇంతసేపూ ఏం విన్నదో తెలియదు. ఆఖరి గడి చేరితే పని జరుగుతుంది. అంతకు మించి ఏమీ తెలియదు కనుకే అది తప్పు చేయదని చెప్పి, తీరం పొడుగునా ఆఫీసుల్లో మనుషుల్ని తీసేసి దాన్ని పెట్టారు. పాతికేళ్ళయింది.

"అయితే మీ తాత లాటిదే. గుమ్మం దాటితే ఎందుకొచ్చినాడో ఆడికీ గురుతుండదు" అని పిల్ల చెప్పినప్పుడు నవ్వింది నూకరత్నం.

ఆ యంత్రానికి మొరపెట్టుకున్న రోజు మాత్రం నవ్వు రాలేదు. ముందురోజు సాయంత్రం గాలి తిరగబడింది. పొద్దెక్కేలోగా పడవలన్నీ ఒడ్డెక్కాయి, ఆమె కొడుకు పడవ తప్ప. రక్షణ పడవ రేవులోనే ఉంది. మనిషి లేకుండా దానంతటదే పోయి వెతికి తెస్తుంది. వేటకు వెళ్ళే ప్రతివాడి మొలతాడుకూ ఒక జాడబిళ్ళ ఉంటుంది. వాడి పేరు పలుకుగడి దగ్గర ఇంటివాళ్ళ గొంతులో పలికితేనే ఆ బిళ్ళ మేలుకుని తానెక్కడున్నదీ చెబుతుంది. ఊరివాళ్ళు వందమంది అరిచినా ఉలకదు. ఆ ఇంటి నుంచి బిళ్ళకు ఎక్కించిన గొంతులు రెండే. తల్లిది, కోడలు బంగారిది.

"సంద్రంలోకెల్లిన మనిసి రానేదు" అంది నూకరత్నం, కోడలిని వెంటబెట్టుకొచ్చి.

"పేరు చెప్పండి" అంది గడి.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. మగవాడు నీళ్ళమీద ఉండగా ఇంటి ఆడది అతని పేరు పైకి అనకూడదు. వింటే సంద్రం ఆ పేరుతోనే పిలుస్తుంది, పిలిస్తే మనిషి వెళ్ళిపోతాడు. ఏ తుపానులో ఏ పిన్ని నోరు జారిందో, ఏ పెదనాన్న ఏ రేవులో తేలాడో, నాలుగు తరాల సంగతులు ఆమెకు కంఠతా వచ్చు.

"నా పెద్దోడు బాబూ. ఇదిగో, దీని పెనిమిటి. ఎడం సేతిమీద గాలం గీరిన మచ్చుంటాది. నిన్న సద్దిలో ఎండు కవళ్ళ సేపలు కట్టిచ్చినాను..."

"అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పండి."

మళ్ళీ చెప్పింది. కొడుకు పుట్టిన నాటి వాన కూడా కలిపి చెప్పింది. మళ్ళీ మొదటికే వచ్చింది.

"అత్తా, నాను సెప్పేత్తాను" అని బంగారి ముందుకొచ్చింది.

నూకరత్నం ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నీ నోటితోనే ఆడిని తోసేత్తావేటే? ఉండు. ఎంత యంత్రమైనా ఇనగా ఇనగా దానికి జాలి పుట్టదా?"

"మనిసికైతే పుడతాదత్తా."

ఆ చేతిని తోసెయ్యగల బలం బంగారికి ఉంది. కానీ ఆ ఇంట్లో పదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెకూ భయమే. తొయ్యలేదు.

పదిసార్లు మొరపెట్టుకుంటే రాయైనా కరుగుతుందని నూకరత్నం నమ్మకం. పదకొండోసారి కూడా గడికి అది మొదటిసారే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. రాటను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని అంది.

"పోలన్న. మైలపల్లి పోలన్న."

గంట మోగింది. రక్షణ పడవ నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం పోలన్నను తెచ్చి ఇసుకలో పడుకోబెట్టింది. విరిగిన చెక్కను కావలించుకున్న చేతులు అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి. డాక్టరు వచ్చి చూశాడు. "మధ్యాహ్నం దాకా ప్రాణం ఉందమ్మా. పొద్దున్నే కబురంది ఉంటే బతికేవాడు" అన్నాడు.

ఒకే మాటను ఇద్దరు ఆడవాళ్ళు విన్నారు. బంగారికి "పొద్దున్నే" అన్న మాట ఒక్కటే చెవిన పడింది. నూకరత్నం మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయింది.

"నాను పిలిసిన యేలకే ఎల్లిపోనాడు" అంది. ఎవరితోనూ కాదు.

వారం తిరక్కుండా పైనుంచి ఒక అధికారి వచ్చి పలుకుగడిని విప్పి చూశాడు. ప్రతి మాటకూ పోవలసిన గడికే పోయిందని, లోపమేమీ లేదని రాసుకుని వెళ్ళాడు.

బంగారి అత్తను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. కంచంలో అన్నం పెట్టి, అటు తిరిగి కూర్చుంటుంది. ఆ చెయ్యి ఎందుకు తోసెయ్యలేదని తనను తాను అడుక్కుంటోందో, అత్తనే అడుగుతోందో ఆ వీపుకే తెలియాలి. రేవంతా పేరుపేరునా పలకరించే నూకరత్నం ఇప్పుడు ఎవరినీ పేరు పెట్టి పిలవదు. "ఇదిగో" అంటుంది, "ఒలే" అంటుంది. మనవరాలు బడికి వెళుతున్నా అంతే, పక్కన కూర్చున్నా అంతే.

ఒకరోజు జడ వేయించుకుంటూ పిల్ల అడిగింది. "మామ్మా, నాను సంద్రంలోకెల్లనేదు గదా. ఇంట్లోనే ఉన్నాను. ఒక్కపాలి పేరెట్టి పిలు."

నూకరత్నం చేతులు ఆగాయి. తరువాత ఆ చేతులు మళ్ళీ మూడు పాయలూ తీసుకుని, చివరిదాకా అల్లి, రిబ్బను ముడి వేశాయి.