నాలుగు లేని కార్డు

రూయీ కావోస్యుంగ్ రేవులో అడుగుపెట్టిన రోజున వాన ఎంత ఘోరంగా కురిసిందంటే, సముద్రంలో చేపలు కూడా ఏ చూరు కిందైనా కాసేపు నిలబడదామా అనుకున్నాయట. జాలర్ల పరపతి సంఘం ఆఫీసులో ఆమె తడిసిన గొడుగు మూలకు ఆనించిందో లేదో, తగువు మొదలైంది.

"కార్డు నంబరు చివర నాలుగు రాకూడదు," అన్నాడు సంఘం అధ్యక్షుడు హోంగ్. "నాలుగు అన్నా చావు అన్నా ఒకేలా వినిపిస్తుందని మావాళ్ళు నాలుగో అంతస్తులో కాపురం ఉండరు. చావు అంకెను జేబులో పెట్టుకుని నడిసముద్రంలోకి పోతారా?"

"ఆ చివరి అంకె మనం పెట్టేది కాదు అధ్యక్షుడు గారూ. ముందున్న అంకెలను బట్టి లెక్కలో వస్తుంది," అంది రూయీ. సంఘం తెస్తున్న కొత్త చెల్లింపుల కార్డుకు తైపేలోని పెద్ద బ్యాంకు పూచీ. అంతా సవ్యంగా ఉంటేనే సంతకం పెట్టమని ఆ బ్యాంకు ఆమెను పంపింది.

"మార్చడమెందుకు? నాలుగు వచ్చిన నంబరు వదిలేసి తర్వాతది తీసుకుంటే సరి. ఐదు నిమిషాల పని," అన్నాడు మూలనున్న కుర్రాడు, బుగ్గలో చేప ఉండ పెట్టుకుని. సంఘం కంప్యూటర్లన్నీ చూసే షెంగ్‌కై అతనే.

"నేను చూసిన గొడవలన్నీ ఐదు నిమిషాల పనులతోనే మొదలయ్యాయి."

"మీ తైపేలో నిదానంగా చేస్తారేమోనండీ. ఇక్కడ ఆలస్యమైతే చేపలు కుళ్ళిపోతాయి."

హోంగ్ పకపకా నవ్వాడు. రూయీ నవ్వలేదు. ఆ చూపు గనక ఎండుచేపల మీద పడి ఉంటే అవి లేచి నీళ్ళలోకి దూకేవి. షెంగ్‌కై మాత్రం ఆ చూపు కోసమే మూడు నెలలపాటు ఏదో ఒక కొంటెమాట అంటూ వచ్చాడు. మూడో నెలకు ఆమె తన టీ పక్కన అతనికీ ఒక టీ తెప్పించడం మొదలుపెట్టింది. "దయ కాదు, మీరు నిద్రపోతే పని ఆగుతుందని," అనేది.

కార్డు ప్రారంభం ఆదివారానికి ఖాయమైంది. సోమవారం చాంద్రమానంలో ఏడో నెల పుడుతుంది. ప్రేతలోకపు తలుపులు తెరుచుకుని దయ్యాలు ఊళ్ళమీద పడే నెల. ఆ నెలలో కొట్టు తెరవరు, పెళ్ళి మాట ఎత్తరు. "ఆదివారం దాటితే ఇంకో నెల ఆగాల్సిందే, నా ప్రాణం పోయినా మాట మారదు," అని హోంగ్ తేల్చేశాడు. తైపే వాళ్ళూ తేల్చేశారు: ప్రారంభమైతే రూయీ ఏడాదిపాటు ఇక్కడే ఉండి చూసుకుంటుంది. తప్పితే వెంటనే వెనక్కి రావాలి.

శనివారం ఉదయం చేపల బజారులో ఆఖరి పరీక్ష. ఇరవైమంది బేరగత్తెల చేతుల్లో ఇరవై కార్డులు. మెషిన్ కుయ్యిమన్నప్పుడల్లా బజారంతా చప్పట్లు.

"బాబూ, ఇలా రా," అని పీతలమ్మే ఆషో అత్త షెంగ్‌కైని పిలిచి ఫోను చేతిలో పెట్టింది. "ఈ చీమతలకాయ అక్షరాలు నాకు ఆనవు. మీ కార్డు ఏదో చెబుతోంది, చూడు."

చేప ఉండల సూపు, తొంభై యువాన్లు.

"అత్తా, సూపు తాగావా?"

"పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు నాయనా!"

అటు చూస్తే, పక్క అరుగు మీద చున్‌మే అత్త సూపు జుర్రుకుంటోంది.

షెంగ్‌కైకి విషయం అర్థమైంది. అచ్చుకు పంపిన జాబితాలో నాలుగుతో ముగిసే నంబర్లు ఏరేశాడు. ఖాతాల జాబితాలో ఏరెయ్యలేదు. నాలుగు అంకె మొదటిసారి తగిలిన చోటినుంచి ఒకరి కార్డు పక్కవాళ్ళ ఖాతాకు జరిగిపోయింది. ఆఫీసులో పరీక్షించిన మొదటి ఐదు కార్డుల్లో నాలుగు అంకె తగల్లేదు, అందుకే తప్పు బయటపడలేదు. ఇప్పటికే అచ్చయిన కార్డులు మూడు వేలు.

"ఏమంటోంది బాబూ?"

"ఏం లేదత్తా. ఉత్త పరీక్ష."

అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! నోరు మూసుకుంటే చాలు, రేపు ప్రారంభమైపోతుంది, రూయీ ఇక్కడే ఉంటుంది. తర్వాత మెల్లగా సర్దుకోవచ్చు.

పావుగంట తర్వాత ఐసు గడ్డల పక్కనుంచి రూయీ నవ్వుతూ వచ్చింది. చేతిలో సంతకానికి సిద్ధంగా కాగితం. "ఒక మాట చెప్పనా? నిన్న గది మాట్లాడుకున్నాను. కిటికీ తెరిస్తే రేవు కనిపిస్తుంది. ఏడాదికి."

షెంగ్‌కై ఆ కాగితం వంక చూశాడు. దాని అడుగున పడేది ఆమె పేరు. ఆషో అత్త డబ్బు పోతే నిలదీసేది ఆమెనే.

"సంతకం పెట్టకండి," అన్నాడు.

మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. హోంగ్ బల్ల గుద్దాడు, తిట్టాడు, తర్వాత కూలబడ్డాడు. ఏడో నెల మాట మాత్రం మారలేదు. తైపే నుంచి ఫోను వచ్చింది, రేపటి రైలుకు రమ్మని.

ఖాళీ ఆఫీసులో రూయీ నివేదిక రాస్తోంది. కిటికీ బయట వాన.

"తప్పు తెలిసిన సమయం?"

"తొమ్మిది."

"నాకు చెప్పింది తొమ్మిదింబావుకు. ఈ పావుగంట ఏం చేశారు?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఇక్కడ గడి ఖాళీగా వదలకూడదు షెంగ్‌కై గారూ. పైవాళ్ళు మొదట చూసేది అదే."

"చెప్పకూడదనుకున్నాను."

కలం ఆగింది. "ఎందుకు?"

"చెబితే మీరు వెళ్ళిపోతారు గనక."

అతను తలెత్తలేదు. ఉద్యోగం పోయిందనుకున్నాడు, టీ పోయిందనుకున్నాడు, అన్నీ పోయాయనుకున్నాడు.

"మరి ఎందుకు చెప్పారు?"

"గది మాట్లాడుకున్నానన్నారు. ఆ నవ్వుకు అబద్ధం చెప్పి ఏడాదంతా పక్కన కూర్చోలేననిపించింది."

రూయీ కలం కదిలింది. రాసింది తిప్పి చూపించింది: 'ఉద్యోగి పావుగంట తటపటాయించి, తనంతట తానే ఒప్పుకున్నాడు. ఇతణ్ణి పనిలో ఉంచాలని సిఫారసు.'

"దాచకుండా రాశారే!"

"నేనూ దాచను." ఫోను తీసి తైపేకు చేసింది. "నాకు ఇరవైరెండు రోజుల సెలవు మిగిలుంది సార్. సోమవారం నుంచి మొత్తం వాడుకుంటాను... అవును సార్, ఏడో నెలలోనే... లేదు, దయ్యాలంటే భయం లేదు. ఇక్కడ గది ఉంది." ఫోను పెట్టేసింది.

షెంగ్‌కై బల్ల దగ్గరికి వచ్చాడు. "సెలవు అయిపోయాక?"

"ఎనిమిదో నెలలో కార్డు మళ్ళీ మొదలవ్వాలిగా. ఎవరో ఒకరు రావాలి, నన్నే పంపమని అడుగుతాను. పంపకపోతే పోట్లాడతాను." గొడుగు అందుకుంది. గుమ్మం దగ్గర ఆగింది, వెనక్కి తిరగకుండానే.

"ఏడో నెలలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, తెలుసుగా? ఎల్లుండి నుంచి నెల్లాళ్ళు నోరు కట్టేసుకోవాలి."

"ఇవాళ శనివారమే," అన్నాడు షెంగ్‌కై. "రూయీ, నువ్వు నన్ను చేసుకుంటావా?"

ఆమె ఇటు తిరిగింది. చెంపలు ఉడికిన రొయ్యల రంగులో ఉన్నాయి.

"ఇంత తొందరా?"

"ఇక్కడ ఆలోచించడానికి రేపటిదాకానే గడువు మరి."

"రేపటిదాకా ఎందుకు?" అంది రూయీ, గొడుగు తెరిచి సగం అతని వైపు పట్టి. "పద, మీ అమ్మను ఇవాళే అడుగుదాం."