గొట్టం మీద మూడో దెబ్బ

సముద్రపొడ్డున ఉన్న బొగ్గుగనుల ఊరు జోంగుల్దాక్‌లో ఆ ఉదయం వాన వెలిసి సముద్రం మీద ఎండ పరుచుకుంది. బొగ్గుగని ఉద్యోగానికి తర్ఫీదు పొందుతున్న ఇల్కెర్, బావమరిది బెకిర్‌తో కలిసి టీ తాగి ఆఖరి పరీక్షకు బయల్దేరాడు. ముప్పై ఏళ్ళు నిండితే గనిలోకి తీసుకోరు. ఇల్కెర్‌కు వచ్చే నెలలో ముప్పై నిండుతాయి. ఇంట్లో భార్య షెర్మిన్‌కు ఏడో నెల. బెకిర్‌కు ఇరవై మూడే. ఈసారి తప్పినా మళ్ళీ రావచ్చు.

"నీకు చీకటంటే భయమట కదా బావా, అక్క చెప్పింది."

"మీ అక్కతో కాపురం చేస్తున్నానురా. చీకటి నన్నేం చేస్తుంది?"

నేర్పే పెద్దాయన హైరెత్తిన్ ఉస్తా వాళ్ళను శిక్షణ సొరంగం చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి. వాటి వెనక తాతల కాలంలో, లోపల మనుషులుండగానే కూలిపోయిన పాత గని. నేలబారుగా వచ్చిన ఇనప గొట్టం ఆ చెక్కల్లోంచి అటువైపుకు పోయింది. ఉస్తా బెకిర్‌ను చెక్కల పక్కన, ఇల్కెర్‌ను బారెడు ఇవతల కూర్చోబెట్టాడు.

"నేను మలుపు దగ్గరుంటాను. గొట్టం మీద ఒక దెబ్బ కొడతాను. బతికున్న ప్రతివాడూ ఒక్కో దెబ్బ కొట్టాలి. రేపు కప్పు కూలితే పైవాళ్ళు మిమ్మల్ని లెక్కపెట్టుకునేది దీంతోనే. గంటసేపు ఉండాలి. దీపం వెలిగించినవాడు ఇంటికి పోవచ్చు."

ఇద్దరూ టోపీ దీపాలు ఆర్పేశారు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. తడి చెక్క వాసన, తుప్పు వాసన. ఎక్కడో నీటిచుక్క ఆగి ఆగి పడుతోంది.

రెండుసార్లు అంతా సవ్యంగా సాగింది. మూడోసారి ఉస్తా కొట్టాడు, ఇల్కెర్ కొట్టాడు. బెకిర్ వైపునుంచి సన్నటి గురక. వీడు తప్పితే షెర్మిన్‌కు ఏం చెప్పాలి? ఇల్కెర్ బెకిర్ బదులు ఇంకో దెబ్బ కొట్టాడు. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచి బెకిర్ కూడా కొట్టాడు.

"మూడేంట్రా? దిగింది ఇద్దరేగా?" దూరంగా ఉస్తా గొంతు.

ఇద్దరూ నోళ్ళు నొక్కుకుని నవ్వుకున్నారు.

మళ్ళీ ఉస్తా దెబ్బ. ఇల్కెర్ ఒకటి. బెకిర్ ఒకటి. కాసేపటికి... ఇంకొకటి.

"వేషాలేస్తే ఇద్దర్నీ పంపేస్తాను."

"చాల్లేరా," ఇల్కెర్ గొణిగాడు.

"నేను ఒక్కటే కొట్టాను బావా. అది సరే, నీ మోకాలు తియ్యి. ఇరుగ్గా ఉంది."

"నేను ఉన్నచోటే ఉన్నానురా."

నీటిచుక్క పడింది.

"మరి... ఇటుపక్క ఎవరు?"

బెకిర్‌కు అటుపక్క ఉన్నవి చెక్కలు. అంతే. ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది. బరువుగా, దుమ్ము పట్టిన గొంతులోంచి వస్తున్నట్టు. బెకిర్‌ది కాదు.

"బావా... నా చేతులు పట్టుకున్నాడు. దీపం వెయ్యి."

ఇల్కెర్ వేలు దీపం మీట మీదికి పోయింది.

"బావా..."

ఒక్క నొక్కు చాలు. వచ్చే నెలకు ముప్పై. షెర్మిన్ కడుపు. ఇంకెంతసేపు, పది నిమిషాలు... వేలు అక్కడే ఉండిపోయింది.

ఏదో నేలమీద ఈడ్చిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఉస్తా దెబ్బ వినిపించింది. ఇల్కెర్ కొట్టాడు. చెవులు రిక్కించి విన్నాడు.

పక్కనుంచి ఒక దెబ్బ. ఒక్కటే.

"ఇద్దరూ ఉన్నారు. చాలు, గెలిచారు," అంటూ ఉస్తా దీపంతో వచ్చాడు.

బెకిర్ చెక్కలకు ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. మొహంలో బెదురు లేదు. చెక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏరా, బాగానే ఉన్నావా?"

బెకిర్ బావను చూశాడు, దారిన పోయే ఎవరినో చూసినట్టు.

పైన ఆఫీసులో గుమాస్తా కాగితాలు ముందు పెట్టాడు. ఇల్కెర్ సంతకం చేసి కలం అందించాడు. బెకిర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోయాడు. తాతల కాలంలోనే పోయిన పాత అక్షరాలు. ఇప్పుడవి సమాధిరాళ్ళ మీద తప్ప కనిపించవు.

"ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?" గుమాస్తా నవ్వాడు.

బెకిర్ కలం బల్ల మీద పెట్టాడు. కాగితం చేతులు మారింది. ఉస్తా కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

అది ఎవరి పేరో చదవగలిగినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.